అరిగిపోయిన వీరగల్లు 3డీ స్కాన్ నుంచి గీతల బొమ్మ తీయడం ఎలా? షార్ప్ ఎడ్జెస్ నొక్కితే రాయంతా వెలిగిపోతోంది

పానగల్లు_పోరడు, నల్గొండ

నమస్తే అందరికీ. మా ఊరి చెరువు దగ్గర ఒక వీరగల్లు, అంటే వీరుడి జ్ఞాపకంగా నిలిపిన చెక్కిన రాయి, ఉంది. గ్రానైట్ రాయి, నేల పైకి కనిపించేది 90 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు. కత్తి ఎత్తిన వీరుడు, వెనక గుర్రం, పైన సూర్యచంద్రులు, అంతే, శాసనం ఏమీ లేదు. ఎండకూ వానకూ బాగా అరిగిపోయింది. పైగా పండగ పండగకీ పసుపు, కుంకుమ, నూనె, మధ్యలో ఎవరో సున్నం కూడా కొట్టారు.

ఊరి పోరగాళ్లం కలిసి ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. బ్లాక్ అండ్ వైట్, మామూలు కాగితం. ఫోటో పెట్టి ట్రయల్ ప్రింట్ తీస్తే నల్ల మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. పురావస్తు శాఖ వాళ్ల పుస్తకాల్లో ఉత్త గీతలతో బొమ్మలు ఉంటాయి కదా, అట్లాంటిది కావాలి. నాకు బొమ్మ వేయడం రాదు, కంప్యూటర్ పని వచ్చు.

ఫోన్‌తో చుట్టూ తిరిగి ఫోటోలు తీసి మెష్‌రూమ్ అనే ప్రోగ్రాంలో 3డీ మెష్, అంటే చిన్న చిన్న త్రిభుజాలతో రాయి ఆకారం, చేశాను. పక్కన స్కేలు పెట్టి తీశాను కాబట్టి కొలతలు సరిగ్గా ఉన్నాయి. దాదాపు 50 లక్షల త్రిభుజాలు, ఒక్కోదాని భుజం సుమారు అర మిల్లీమీటరు. బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాంలో తెరిచి, ఇచ్చిన కోణం కన్నా ఎక్కువ వంగిన అంచుల్ని ఎంచే సెలెక్ట్ షార్ప్ ఎడ్జెస్ నొక్కితే రాయంతా ఒకేసారి వెలిగిపోయింది. కోణం 30 నుంచి 50కి పెంచితే గీతలన్నీ పోయి అక్కడక్కడ చుక్కలు మిగిలాయి, అవి కూడా వీరుడి మీద కాదు, రాయి గరుకుగా ఉన్న చోట. స్మూత్ చేస్తే చుక్కలు పోతున్నాయి, వాటితో పాటు కత్తి కూడా మెత్తబడుతోంది. మెష్‌ల్యాబ్ అనే ఇంకో ప్రోగ్రాంలో కర్వేచర్ (వంపు) రంగులు వేస్తే అది ఇంకో లొల్లి, మొత్తం ఇసుక చల్లినట్టు వచ్చింది.

ఫోటో మీదే నేరుగా ఎడ్జ్ డిటెక్షన్ (అంచులు పట్టే ప్రోగ్రాం) పెట్టి కూడా చూశాను, సున్నం అంచులు, కుంకుమ కారిన చారలు, పాచి మచ్చలు అన్నీ గీతలుగా వచ్చాయి. అందుకే ఆకారం నుంచే తీయాలనుకుంటున్నా. కంటికి కత్తి ఎక్కడుందో తెలుస్తూనే ఉంది, మరి కంప్యూటర్‌కి ఎట్ల చెప్పాలి? నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్ మాత్రమే, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాలమూరు_పాలిగాన్, మహబూబ్‌నగర్

తమ్మీ, 50 లక్షల త్రిభుజాలతో ఎడ్జ్ సెలెక్షన్ చేస్తే ఎవరికైనా అంతే. ముందు డెసిమేట్ చేసి, అంటే త్రిభుజాలు తగ్గించి, రెండు మూడు లక్షలకు దించు, అప్పుడు బ్లెండర్‌లోనే గీతలు గీసే ఫ్రీస్టైల్ ఆన్ చేసి ఆర్థోగ్రాఫిక్ (దూరం వల్ల సైజు మారని) కెమెరాతో రెండర్ కొట్టు. నేను గేములకు మోడల్స్ చేస్తుంటా, గీతల లుక్ కావాలంటే ఇదే దారి.

ఒకటి జాగ్రత్త. ఫ్రీస్టైల్‌లో క్రీజ్ యాంగిల్ (ఎంత మడత ఉంటే గీత గీయాలో చెప్పే కోణం) డిఫాల్ట్‌గా 134.43 ఉంటుంది. అది చూసి చాలామంది పరేషాన్ అవుతారు. సెలెక్ట్ షార్ప్‌లో కోణం అంటే తలం ఎంత వంగిందో ఆ కోణం, చదునుగా ఉంటే సున్నా. ఫ్రీస్టైల్‌లో రెండు ముఖాల మధ్య ఉన్న కోణం, చదునుగా ఉంటే 180. అంటే 134.43 అనేది అక్కడి భాషలో దాదాపు 45 డిగ్రీల వంపు. ఒకచోట పెంచితే గీతలు తగ్గుతాయి, ఇంకోచోట పెంచితే పెరుగుతాయి. మీ రాయికి 155, 160 దాకా తీసుకెళ్లి చూడు.

సజెస్టివ్ కాంటూర్, రిడ్జ్ అండ్ వ్యాలీ అని టిక్కులు కూడా ఉంటాయి, అవి కూడా పెట్టి చూడు.

పానగల్లు_పోరడు

థాంక్స్ అన్నా. మూడు లక్షలకు దించి చేశాను. ముందుకన్నా నయమే, గుర్రం కడుపు ఒకవైపు గీత పడింది. కానీ గీతలు తెగిపోయి తెగిపోయి వస్తున్నాయి, పైగా త్రిభుజాల అంచుల వెంట పోతున్నాయి కాబట్టి రంపం పళ్లలా ఉన్నాయి. రిడ్జ్ అండ్ వ్యాలీ పెడితే వీరుడి చేయికి అంచుల్లో కాకుండా నట్టనడుమ ఒక గీత పడింది, ఎముక గీసినట్టు. అది ఎందుకో అర్థం కాలేదు.

వక్రరేఖ, సొంతూరు దేవరకొండ, ఉండేది హైదరాబాద్

చేయి నడుమ గీత ఎందుకు పడిందో చెప్తా, కానీ అంతకన్నా ముందు కోణం సంగతి తేలాలి, అసలు మెలిక అక్కడే ఉంది.

నీ త్రిభుజం భుజం 0.5 మి.మీ. అంటున్నావు. ఫోన్ ఫోటోలతో చేసిన స్కాన్‌లో ఒక్కో బిందువు 0.1 మి.మీ. అటూ ఇటూ ఉండటం మామూలే అనుకుందాం. 0.5 భుజం ఉన్న త్రిభుజం ఎత్తు 0.43. దాని ఒక మూల 0.1 పైకి లేస్తే ఆ త్రిభుజం 13 డిగ్రీలు వాలుతుంది, పక్కది రెండో వైపుకు అంతే వాలితే మధ్య అంచు దగ్గర 26 డిగ్రీల వంపు కనిపిస్తుంది. ఇది రాయిలో లేనే లేదు, ఉత్త నాయిస్, అంటే స్కాన్ కొలతల్లోని తప్పు. ఇప్పుడు అసలు అంచు చూడు. వీరుడి భుజం శిల్పి చెక్కిన రోజు పదునుగానే ఉండి ఉంటుంది, ఇప్పుడు అరిగి 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రబడి, మొత్తం 60 డిగ్రీలు తిరుగుతోంది అనుకో. ఆ మలుపు పొడవు 3.14 మి.మీ. అందులో నీ త్రిభుజాలు ఆరు పడతాయి, అంటే ఒక్కో అంచు వాటాకు 10 డిగ్రీలు. నాయిస్‌కి 26, కత్తికీ చేతికీ 10. ఇక నువ్వు 30 పెట్టు, 50 పెట్టు, 15 పెట్టు, నీకు ముందు దొరికేది నాయిసే.

ఇంకో చిత్రం, స్కాన్ ఎంత సన్నగా చేస్తే ఈ పద్ధతి అంత పాడవుతుంది. త్రిభుజం సగం చేస్తే అసలు అంచుకు ఒక్కో చోట 5 డిగ్రీలే వస్తాయి, నాయిస్ కోణం మాత్రం పెరుగుతుంది. పాలమూరు అన్న చెప్పిన డెసిమేట్ కొంత పనిచేసింది కూడా ఇందుకే, త్రిభుజాలు పెద్దవయ్యాయి. రెండు ముఖాల మధ్య కోణం అనే కొలత మిషన్ పార్టుల డ్రాయింగులకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, అక్కడ అంచు అంటే నిజంగానే ఒక్క గీత. అరిగిన రాయిలో అంచు అంటే కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న మలుపు. అందుకే త్రిభుజాన్ని వదిలేసి మిల్లీమీటర్లలో ఆలోచించాలి.

వక్రత అంటే అదే, ఇంత పొడవులో దిశ ఎంత మారింది అని. తలం మీద ప్రతి చోటా రెండు ముఖ్య దిశలు ఉంటాయి, ఒకదాని వెంట వంపు అన్నిటికన్నా ఎక్కువ, దానికి అడ్డంగా ఉన్న దాని వెంట తక్కువ. రిడ్జ్ అంటే ఆ పెద్ద వంపు, దాని దిశలోనే నడుస్తూ చూస్తే, చుట్టుపక్కల కన్నా గరిష్ఠంగా ఉన్న చోట్ల గీత. వ్యాలీ అంటే అదే సంగతి గుంట వైపు. చేయి గుండ్రంగా ఉబ్బి ఉంది కాబట్టి దాని వంపు గరిష్ఠంగా ఉండేది నడిమీదే, అందుకే అక్కడ ఎముక గీత పడింది. ప్రోగ్రాం తప్పు చేయలేదు, నువ్వు అడిగినదే ఇచ్చింది. పైగా గరిష్ఠం ఎక్కడో తెలియాలంటే వక్రతకు మళ్లీ ఒకసారి డెరివేటివ్ (చోటు చోటుకూ ఎంత మారుతోందో ఆ లెక్క) తీయాలి, అంటే ఆకారానికి మూడో డెరివేటివ్. ఒక్కో డెరివేటివ్‌కి నాయిస్ ఇంతలంతలు అవుతుంది. గీతలు తెగిపోవడం సగం దీనివల్లే.

నీకు కావలసింది రిడ్జ్ కాదు. మీ చెరువు కట్టనే తీసుకో. కట్ట మీద నడిచే దారి రిడ్జ్, కట్ట అడుగున నేల కలిసే చోటు వ్యాలీ. కానీ కట్ట ఎక్కడ మొదలైందో పటంలో ఒక్క గీతతో చూపించమంటే, వాలు అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోట గీస్తావు. పైన తలం ఉబ్బుగా వంగుతుంది, కింద గుంటగా వంగుతుంది, మధ్యలో ఎక్కడో వంపు సున్నా అవుతుంది, గీత అక్కడ. కొలొమెంకిన్, షిమ్‌షోని, తాల్ అనే ముగ్గురు 2008లో డిమార్కేటింగ్ కర్వ్స్ అని ప్రతిపాదించింది సరిగ్గా ఈ గీతల్నే, వాళ్లు ప్రయోగించింది కూడా పాత పురావస్తువుల మీద. తర్వాత 2009లో ఇంకో మెట్టు ఎక్కారు. ఉపరితలాన్ని ఒక నున్నటి అడుగు తలం, దాని మీద ఎత్తుపల్లాల చిత్రం అని రెండుగా ఊహించుకుని, ఆ అడుగు తలాన్ని విడిగా తీయకుండానే, ఎత్తుపల్లాల చిత్రంలో అంచులు ఎక్కడో నేరుగా పట్టుకోవచ్చని చూపించారు.

నీ అదృష్టం ఏంటంటే, నీకు అంత గొడవ అవసరమే లేదు. వీరగల్లు పలక. అడుగు తలం దాదాపు చదునే. కాబట్టి రాయి మొత్తాన్ని ఎత్తుల చిత్రంగా మార్చెయ్, అంటే ప్రతి పిక్సెల్‌లో రంగుకు బదులు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో ఉంటుంది. 0.5 మి.మీ.కి ఒక పిక్సెల్ చొప్పున 90 సెం.మీ. ఎత్తు, 60 వెడల్పు అంటే 1800 × 1200 చిత్రం, అంతే. నీ 8 జీబీ ర్యామ్‌కి అది లెక్కే కాదు. ఇక అక్కడి నుంచి మామూలు ఇమేజ్ ప్రాసెసింగ్.

క్లౌడ్‌కంపేర్ అనే 3డీ స్కాన్ల ప్రోగ్రాం ఉచితం. మెష్ తెరిచి, దాని మీద నుంచి పాయింట్లు శాంపిల్ చేసి, తలం ఫిట్ చేసి, రాయి ముఖం నీ వైపు చదునుగా ఉండేలా తిప్పి, రాస్టరైజ్ అనే టూల్‌లో స్టెప్ 0.5 మి.మీ. ఇవ్వు. సేవ్ చేసేటప్పుడు ఎత్తుల్ని దశాంశాలతో దాచే ఫ్లోట్ జియోటిఫ్‌గానే చెయ్, మామూలు జేపెగ్, 8 బిట్ పీఎన్‌జీ వద్దే వద్దు. రాయి ఎత్తుపల్లాల తేడా 5 సెం.మీ. అనుకుంటే దాన్ని 256 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 0.2 మి.మీ. ఎడ్జ్ డిటెక్టర్‌కి ఆ మెట్లే అంచుల్లా కనపడి రాయంతా వలయాలు వలయాలుగా గీస్తుంది.

తర్వాత గాసియన్ బ్లర్ (చిత్రాన్ని మెత్తబరచడం) రెండు సార్లు. అది ఎంత దూరం పరుచుకోవాలో చెప్పే అంకె సిగ్మా. పెద్ద బ్లర్, సిగ్మా 40, 50 మి.మీ., దీన్ని అసలు దానిలోంచి తీసెయ్, రాయి మొత్తంగా ఉబ్బినదీ వంకరైనదీ పోయి చెక్కడం మాత్రమే మిగులుతుంది. చిన్న బ్లర్, సిగ్మా 2 నుంచి 4 మి.మీ., ఇది గ్రానైట్ పలుకుల్ని మింగుతుంది. స్మూత్ చేస్తే కత్తి కూడా మెత్తబడుతోందని భయపడ్డావు కదా, మెష్‌ని ఎన్నో రౌండ్లు స్మూత్ చేస్తే ఎన్ని మిల్లీమీటర్లు పోయిందో తెలియదు, అందుకే ఆ భయం. ఇక్కడ సిగ్మా నీ చేతిలో ఉంది. కత్తి వెడల్పు స్కేలు పెట్టి కొలువు, 15 మి.మీ. ఉందనుకో, 3 మి.మీ. సిగ్మాతో కత్తికి ఏమీ కాదు. 3 మి.మీ. కన్నా సన్నటి పదును ఈ రాయిలో ఎప్పుడో వానకే పోయింది, నువ్వు కొత్తగా పోగొట్టేది ఏమీ లేదు.

ఆ మీద క్యానీ. అంచులు పట్టే 1986 నాటి పద్ధతి, ఈ పనికి ఇప్పటికీ సరిపోతుంది. వాలు ఎక్కువ ఉన్న చోట్లు వెతుకుతుంది, పక్కపక్కన ఉన్న వాటిలో గరిష్ఠమైనదే ఉంచి మిగతావి కొట్టేస్తుంది, కాబట్టి గీత సన్నగా వస్తుంది. ఆ తర్వాత రెండు థ్రెషోల్డులు (హద్దు అంకెలు), పెద్దది దాటినవి ఖాయం, చిన్నది మాత్రమే దాటినవి ఖాయమైన వాటికి తగిలి ఉంటేనే ఉంటాయి. నీ గీతలు తెగిపోవడానికి మందు ఈ రెండో థ్రెషోల్డే. పైథాన్‌లో సైకిట్ ఇమేజ్ అనే లైబ్రరీ వాడు, దానికి ఫ్లోట్ చిత్రం నేరుగా ఇవ్వొచ్చు, ఓపెన్‌సీవీలో క్యానీ 8 బిట్ చిత్రమే అడుగుతుంది. థ్రెషోల్డులు అంకెల్లో ఊహించలేకపోతే క్వాంటైల్స్ ఆప్షన్ ఆన్ చేసి 0.85, 0.95తో మొదలుపెట్టు, అంటే వాలులో పై 15 శాతం, పై 5 శాతం హద్దులు. స్కాన్‌లో చిల్లులు ఉంటే వాటిని వదిలేయమని చెప్పే మాస్క్ ఇవ్వు, లేకపోతే ప్రతి చిల్లు చుట్టూ గీత పడుతుంది.

పాలమూరు_పాలిగాన్

బాగుంది, కానీ ఇది పలక కాబట్టి నడిచింది. గుండ్రటి స్తంభమో విగ్రహమో అయితే? నేను మా పక్క ముడుమాల్ నిలువురాళ్లు స్కాన్ చేద్దామని చూస్తున్నా, అక్కడ ఒక రాయి మీద సప్తర్షి మండలంలా చిన్న చిన్న గుంటలు ఉన్నాయి కదా, అవి పడాలి. ఇంకో మాట, సజెస్టివ్ కాంటూర్స్‌ని మీరు అసలు పట్టించుకోలేదు. నా లెక్కన కంటికి అన్నిటికన్నా అందంగా కనిపించే గీతలు అవే.

వక్రరేఖ

అందం విషయంలో నీతో గొడవ లేదు. 2003లో డికార్లో బృందం చూపించిన గీతలవి. ఇంకాస్త పక్కకు జరిగి చూస్తే ఏవి అసలైన కాంటూర్లు (కనిపించే భాగం ముగిసే అంచు గీతలు) అవుతాయో వాటిని ముందే గీస్తాయి, కాబట్టి నిజంగానే మనిషి గీసినట్టు ఉంటాయి. అయితే అవి చూసే చోటును బట్టి మారతాయి. కెమెరా కొంచెం జరిగితే గీత కూడా రాయి మీద జరుగుతుంది. గేముకు, కార్టూన్‌కు అది మంచిదే. కానీ రేపు ఇంకెవరో వచ్చి కత్తి పొడవెంత అని ఈ బొమ్మ మీద కొలుస్తారు, అప్పుడు గీత రాయికే అంటుకుని ఉండాలి, చూసేవాడికి కాదు. పైగా పలకను ఎదురుగా నిలబడి చూస్తే సజెస్టివ్ కాంటూర్స్‌కి దొరికేది కూడా తక్కువే.

ముడుమాల్ గుంటలకు వ్యాలీ గీతలు పెట్టకు. గిన్నెలా నున్నగా ఉన్న గుంటలో వంపు అన్ని దిశల్లోనూ దాదాపు ఒకటే, ముఖ్య దిశ ఏదో ప్రోగ్రాంకే తెలియదు, గీతలు పిచ్చి పిచ్చిగా వస్తాయి. గుంట పెదవి దగ్గర వంపు ఉబ్బు నుంచి గుంటకు మారే చోటు పట్టుకుంటే గుండ్రంగా చక్కటి వలయం వస్తుంది. రాతి మీద ఆ భాగం వరకే కత్తిరించుకుంటే దాన్నీ ఎత్తుల చిత్రంగా చేయొచ్చు. స్తంభమైతే సిలిండర్ ఫిట్ చేసి విప్పేయొచ్చు, అక్షం నుంచి దూరమే ఎత్తు. విగ్రహమైతే మాత్రం విప్పడానికి కుదరదు, చేతి కింద, గడ్డం కింద దాగిన చోట్లు ఉంటాయి, అప్పుడు మెష్ మీదే వక్రత లెక్క వేయాలి. దానికి రుసింకివిజ్ రాసిన ఆర్‌టీఎస్‌సీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. రిడ్జ్, వ్యాలీ, సజెస్టివ్ కాంటూర్, అపారెంట్ రిడ్జ్ అన్నీ ఒకే కిటికీలో మార్చి మార్చి చూడొచ్చు, వక్రతను అక్కడికక్కడే స్మూత్ చేసుకోవచ్చు. ముందు మెష్‌ని మెష్‌ల్యాబ్‌లో టాబిన్ స్మూత్‌తో కాస్త నున్నగా చేసి ఇవ్వు. మామూలు లాప్లాసియన్‌లా అది ఆకారాన్ని కుంచించదు, ఒక అడుగు లోపలికి లాగి ఇంకో అడుగు బయటికి తోస్తుంది.

అలంపురం_గీత, జోగులాంబ గద్వాల

నేను ప్రోగ్రామర్‌ని కాదు, శిల్పాల గీతల బొమ్మలు చేత్తో వేసే దాన్ని. అలంపురం నవబ్రహ్మ గుళ్ల స్తంభాలు చాలా వేశాను. మీరంతా గీత ఎక్కడ పడాలి అని మాట్లాడుతున్నారు. ఏ గీత పడకూడదు అన్నది మాకు ఇంకా పెద్ద పని.

రాయి పెచ్చు ఊడిన చోట వాలు చెక్కిన దానికన్నా నిటారుగా ఉంటుంది. ఆ లెక్కన మీ క్యానీ అన్నిటికన్నా బలంగా పట్టేది పెచ్చునే. కంప్యూటర్‌కి ఉలి దెబ్బకీ, ట్రాక్టర్ తగిలి ఊడిన దానికీ తేడా తెలియదు. మేం ఏం చేస్తామంటే చెక్కిన అంచు నిండు గీత, విరిగిన అంచు సన్న గీత, అరిగి అనుమానంగా ఉన్నది చుక్కల గీత. ఈ మూడూ కలిపి ఒకే మందంతో అచ్చేస్తే చదివేవాడు విరిగిన దాన్ని కూడా వీరుడి డాలు అనుకుంటాడు.

ఇంకా, నువ్వు సున్నం అన్నావు తమ్ముడూ. సున్నం పొర మందంగా ఉంటే అది కూడా ఆకారమే, స్కాన్‌లో పడుతుంది. సున్నం ఎక్కడ ఊడిందో అక్కడ చిన్న మెట్టు ఉంటుంది. ఫోటో వదిలేస్తే పోతుందని అనుకున్న ఆ అంచు ఇక్కడ మళ్లీ రావొచ్చు. అలాగని గోకి తీయకు, సుద్దముక్కతో రాయి మీద గీతలు పెట్టి గుర్తులు వేసుకోవడం కూడా వద్దు. ఊళ్లో పూజ చేసే వాళ్లను ఒక మాట అడిగి, సాయంత్రం చీకటి పడ్డాక టార్చ్ లైటు రాయికి బాగా పక్క నుంచి, దాదాపు ఆనించినట్టు పట్టుకుని చూడు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి. నీడలో కనిపించినది, కంప్యూటర్ గీసినది పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో తెలుస్తుంది. ఆ వచ్చిన గీతల్ని ట్రేసింగ్ పేపర్ కింద పెట్టి చేత్తో మళ్లీ దిద్దు. బొమ్మలు రావు అన్నావు గానీ కింద గీత ఉన్నప్పుడు దిద్దడం ఎవరికైనా వస్తుంది.

వక్రరేఖ

అక్క చెప్పినదానికి చిన్న ఆధారం. 2008లో ప్రిన్స్‌టన్ వాళ్లు చిత్రకారులతో 3డీ వస్తువుల గీతల బొమ్మలు వేయించి, వాటిని ఈ పద్ధతులన్నిటితో పోల్చి చూశారు. మనుషుల గీతల్లో చాలా వాటిని ఏదో ఒక పద్ధతి పట్టుకుంటుంది, కానీ ఏ ఒక్క పద్ధతీ అన్నిటినీ పట్టదు, మనుషులు వదిలేసినవి కూడా పద్ధతులు గీస్తాయి. కాబట్టి చివర చేత్తో దిద్దడం తప్పదు.

పెచ్చు సంగతికి ఒక ఉపాయం మాత్రం ఉంది. ఒకే చిత్రాన్ని సిగ్మా 1.5తో, 3తో, 6తో మూడు సార్లు నడిపి ఒకదాని మీద ఒకటి వేరే రంగుల్లో పెట్టు. చెక్కిన పెద్ద ఆకారాలు మూడింట్లోనూ ఉంటాయి. సన్నటి పెచ్చులు, సున్నం మెట్లు 1.5లో మెరిసి 6 దగ్గరికి మాయమవుతాయి. పెద్ద పెచ్చులు పోవు, వాటికి అక్క టార్చ్ లైటే గతి.

పానగల్లు_పోరడు

అన్నా, అక్కా, అద్భుతం. ఎత్తుల చిత్రం చేసి సిగ్మా 3తో నడిపితే వీరుడు లేచి నిలబడ్డాడు. కత్తి రెండు అంచులూ తెగకుండా వచ్చాయి, గుర్రం కాళ్లు నాలుగూ విడివిడిగా కనిపిస్తున్నాయి, ఇన్నాళ్లూ ఊళ్లో అందరూ మూడే అనుకునేవాళ్లు. నడుముకు ఒక బాకు ఉంది, అది నాకు కూడా ఇంతవరకు తెలియదు. టార్చ్ పెట్టి చూస్తే నిజంగానే ఉంది.

ఎడమ వైపు పై నుంచి కింది దాకా ఒక పొడుగు గీత వచ్చింది, బల్లెం అనుకుని సంబరపడ్డా. టార్చ్ వెలుగులో చూస్తే ఒకవైపే మెట్టు, రెండో వైపు ఏమీ లేదు, లోపల కొత్త రాయి రంగు కనిపిస్తోంది. అది పెచ్చే. సన్న గీత చేశాను.

ఒక్కటి మిగిలింది. పైన సూర్యచంద్రులు సిగ్మా 3లో రావడం లేదు. 1.5 పెడితే చంద్రవంక వస్తోంది, కానీ దాంతో పాటు చుట్టూ పలుకుల గీతలు వందలు వస్తున్నాయి. థ్రెషోల్డ్ పెంచితే వంక కూడా పోతోంది. వాటి లోతు మహా అయితే ఒక మిల్లీమీటరు.

వక్రరేఖ

రాయి మొత్తానికి ఒకే సిగ్మా, ఒకే థ్రెషోల్డ్ ఉండాలని ఎక్కడా లేదు. క్వాంటైల్స్ వాడుతున్నావు కదా, అది చిత్రం మొత్తంలో పై 5 శాతం వాలును చూస్తుంది, ఆ 5 శాతం అంతా కత్తీ గుర్రమూ ఎత్తుకుపోతున్నాయి. పై భాగం 25 సెం.మీ. మాత్రమే కత్తిరించి విడిగా నడుపు, అప్పుడు పోటీ ఉండదు. సిగ్మా 2 పెట్టు. మిగిలే పలుకుల గీతలు పొట్టివి, కలిసిపోనివి, కాబట్టి ఒకదానికొకటి తగిలి ఉన్న పిక్సెళ్లను గుంపులుగా లెక్కపెట్టి 40 పిక్సెళ్ల కన్నా తక్కువున్న గుంపుల్ని తీసెయ్. అంటే 2 సెం.మీ. కన్నా చిన్న గీతలన్నీ పోతాయి. చంద్రవంక చుట్టుకొలత అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

పెద్ద బ్లర్‌ని కూడా అక్కడ 40 నుంచి 20కి తగ్గించు. రాయి పై అంచు దగ్గర వంగి ఉంటుంది, ఆ వంపు ఒక మిల్లీమీటరు లోతును సులువుగా మింగేస్తుంది.

అలంపురం_గీత

సూర్యుడి లోపల కూడా చూడు తమ్ముడూ, కొన్ని రాళ్ల మీద పువ్వులా రేకులు ఉంటాయి. ఉన్నాయో లేవో తేలకపోతే ఉత్త వలయమే గీసి వదిలెయ్, రేకులు ఊహించి వేయకు.

పానగల్లు_పోరడు

పని అయింది. చంద్రవంక నిండుగా వచ్చింది. సూర్యుడు కింది సగం వచ్చాడు, పై సగం తెగిపోయింది, టార్చ్‌లో కూడా అంతే ఉంది కాబట్టి పై సగం చుక్కల్లో పెట్టాను. రేకులు లేవు అక్కా.

ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో సెంటర్‌లైన్ ట్రేస్ చేసి పిక్సెళ్లను గీతలుగా మార్చాను. అచ్చులో బొమ్మ 12 సెం.మీ. ఎత్తు వస్తుంది, నిండు గీత 0.35 మి.మీ., పెచ్చుల గీత 0.15 పెట్టాను, 0.1 పెడితే మా ప్రెస్సులో పడదట. కింద స్కేలు పట్టీ కూడా వేశాను. పాలమూరు అన్నా, ముడుమాల్ రాయి స్కాన్ చేస్తే మెష్ ఇక్కడ పెట్టు, నా దగ్గర స్క్రిప్టు రెడీగా ఉంది, నడిపి ఇస్తా.

పాలమూరు_పాలిగాన్

పెడతా తమ్మీ. ముందు అక్కడ ఫోటోలు తీయడానికి అనుమతి అడగాలి. మబ్బు పట్టిన రోజు చూసుకుని పోతా, ఎండలో ఆ గుంటల నీడలు ఫోటో ఫోటోకి మారిపోతాయి.